ఎవరి జ్ఞాపకం, ఎవరి యుద్ధం? ఇరాక్‌ను వియత్నాంతో పోల్చిన చర్చ: ఒక పరిశీలన

1. ప్రస్తావన

పల్నాటి యుద్ధాన్ని తెలుగువాళ్లు ఆంధ్ర కురుక్షేత్రం అంటారు. పన్నెండో శతాబ్దంలో కారంపూడి దగ్గర జరిగిన దాయాదుల పోరును భారత యుద్ధంతో కలిపి చూడటం మనకు ఎంతగా అలవాటైందంటే, బాలచంద్రుడు అనగానే అభిమన్యుడు గుర్తుకొస్తాడు. ఆ పోలిక మనుషులకు పాత్రలు పంచింది, ధర్మం ఎటువైపు ఉందో తేల్చింది, చివరికి మిగిలేది వినాశమేనని ముందే చెప్పేసింది. వీరగాథ పాడేవారికి అది బలం. సైన్యాన్ని పంపాలా వద్దా, పంపినదాన్ని వెనక్కి పిలవాలా వద్దా అని ఒక ప్రభుత్వం ఆలోచించుకునే వేళ కూడా పోలిక చేసే పని ఇదే. అక్కడ మాత్రం దానివల్ల ప్రాణాలు పోతాయి.

2003 మార్చిలో అమెరికా, బ్రిటన్ సైన్యాలు ఇరాక్‌లోకి ప్రవేశించాక అమెరికాలో పెద్ద వాదం నడిచింది. ఇరాక్ మరో వియత్నామా, కాదా? సెనేటర్లు, అధ్యక్షుడు, చరిత్రకారులు, సైనికాధికారులు, పత్రికా సంపాదకులు నాలుగైదేళ్లపాటు ఈ ప్రశ్న చుట్టూ తిరిగారు. రెండు యుద్ధాల మధ్య పోలికలెన్ని, తేడాలెన్ని అన్న లెక్క అప్పుడే చాలామంది తీశారు. ఈ వ్యాసం ఆ లెక్కను మళ్లీ తీయదు. ఆ చర్చలో ఏ పాత యుద్ధాలు ముందుకు వచ్చాయి, ఏది వెనకబడింది, ఎందుకు వెనకబడింది అన్నది పరిశీలిస్తుంది.

నా ప్రతిపాదన ఇది. ఇరాక్ గురించి మూడు పోలికలు వినిపించాయి. ఒకటి 1945 తర్వాతి జర్మనీ, జపాన్. రెండోది వియత్నాం. మూడోది 1920లో బ్రిటిష్ పాలన మీద ఇరాకీలు చేసిన తిరుగుబాటు. మొదటి రెండూ అమెరికా జ్ఞాపకంలోంచి వచ్చాయి. మూడోది ఇరాక్ జ్ఞాపకంలోంచి వచ్చింది. వాషింగ్టన్‌లో వాదమంతా మొదటి రెండింటి మధ్యే సాగింది. యుద్ధం జరుగుతున్న నేలకు సంబంధించిన మూడో పోలిక చర్చ అంచున ఉండిపోయింది. పోలిక సరైనదా కాదా అని అడిగే ముందు అది ఎవరి జ్ఞాపకమో అడగాలి. ఆ ప్రశ్న అడగకపోవడమే ఆ చర్చలోని అసలు లోపం.

2. పూర్వ పరిశోధన: పోలిక ఎలా పనిచేస్తుంది

పాలకులు చరిత్రను ఎలా వాడుకుంటారన్న విషయం మీద పునాది వేసినవాడు హార్వర్డ్ చరిత్రకారుడు ఎర్నెస్ట్ మే. 1973లో వెలువడిన ఆయన పుస్తకం చెప్పే సారం ఏమిటంటే, విధాన కర్తలు చరిత్రను తరచు వాడుకుంటారు, కానీ తప్పుగా వాడుకుంటారు. మనసుకు మొదట తట్టిన పోలికను పట్టుకుంటారు, రెండోదాని కోసం వెతకరు. రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ జెర్విస్ 1976లో దీనికి మనస్తత్వ శాస్త్ర కోణం చేర్చాడు. తాము స్వయంగా అనుభవించినవి, తమ తరాన్ని కుదిపినవి, తమ దేశానికి మేలో కీడో చేసినవే మనుషుల ఆలోచన మీద ఎక్కువ పట్టు సాధిస్తాయని ఆయన వివరించాడు. 1986లో రిచర్డ్ న్యూస్టాట్, మే కలిసి రాసిన పుస్తకంలో ఒక ఆచరణ పద్ధతి సూచించారు. ఏ పోలిక ఎదురైనా కాగితం మీద పోలికలు ఒక వరసలో, తేడాలు మరో వరసలో రాసుకోవాలన్నదే ఆ పద్ధతి.

వీరందరికంటే లోతుగా వెళ్లినవాడు యూఎన్ ఫూంగ్ ఖోంగ్. 1992లో ప్రచురితమైన ఆయన అధ్యయనం 1965 నాటి వియత్నాం నిర్ణయాలను పరీక్షించింది. పోలిక ఆరు పనులు చేస్తుందని ఆయన తేల్చాడు: సమస్య ఎలాంటిదో నిర్వచించడం, పణంగా ఉన్నదేమిటో చెప్పడం, చేయాల్సింది సూచించడం, గెలిచే అవకాశాన్ని అంచనా వేయడం, నైతిక సమర్థన ఇవ్వడం, పొంచి ఉన్న ప్రమాదాన్ని హెచ్చరించడం. అప్పుడు అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వాన్ని ఎక్కువగా నడిపించినది కొరియా యుద్ధంతో పోలిక అని ఆయన నిర్ధారణ. 1938లో మ్యూనిక్‌లో హిట్లర్‌కు తలవంచిన ఉదంతం దాని వెనక నిలబడి ఉంది.

1965 జూన్ చివరి రోజులు ఇక్కడ దగ్గరగా చూడదగ్గవి. విదేశాంగ శాఖలో ఉన్నతాధికారి జార్జ్ బాల్, అమెరికా ఆ యుద్ధంలో కూరుకుపోకూడదని వాదించాడు. న్యాయవాదిగా ఫ్రెంచి ప్రభుత్వంతో పనిచేసిన అనుభవం ఆయనకుంది. 1954లో డియన్ బియన్ ఫూలో ఫ్రాన్స్ ఎలా ఓడిందో ఆయనకు బాగా తెలుసు. ఆయన చూపిన పాత యుద్ధం అదే వియత్నాం నేల మీద జరిగింది. జూన్ 30న జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీ అధ్యక్షుడికి ఒక పత్రం పంపాడు. 1954 నాటి ఫ్రాన్స్‌తో 1965 నాటి అమెరికాను పోల్చవచ్చా అన్నదే దాని విషయం. ఫ్రాన్స్ వలస పాలకురాలు, అమెరికా కాదు. ఫ్రాన్స్ ఇంట్లోనే చీలిపోయింది, అమెరికా ప్రజలు ప్రభుత్వం వెంట ఉన్నారు. కాబట్టి పోలిక కుదరదని ఆ పత్రం తేల్చింది. నెల తిరక్కుండానే సైన్యాన్ని భారీగా పెంచే నిర్ణయం వెలువడింది.

ఈ ఉదంతాన్ని ఖోంగ్ పోలికల మధ్య పోటీగా చదివాడు. ఇందులో మరో క్రమం కూడా ఉంది. నెగ్గిన కొరియా, మ్యూనిక్ పోలికలు అమెరికా, దాని మిత్రుల అనుభవాలు. పక్కకు తోసేసిన పోలిక వియత్నాం సొంత చరిత్ర. నాలుగు దశాబ్దాల తర్వాత ఇరాక్ విషయంలో ఇదే క్రమం మళ్లీ కనిపిస్తుంది.

3. మొదటి పోలిక: 1945

ఇరాక్ యుద్ధానికి ముందే జపాన్ పేరు వినిపించింది. సద్దాం హుసేన్‌ను దించాక ఇరాక్‌ను జనరల్ మెకార్థర్ జపాన్‌ను నడిపినట్టు నడపాలన్న ఆలోచన 2002 అక్టోబరులోనే అమెరికా పత్రికలకెక్కింది. జపాన్ ఆక్రమణ చరిత్ర మీద పులిట్జర్ బహుమతి పొందిన జాన్ డవర్, యుద్ధం మొదలుకాకముందే 2003 తొలి నెలల్లో దీన్ని ఖండిస్తూ వ్యాసం రాశాడు. జపాన్ చక్రవర్తి స్వయంగా లొంగుబాటు ప్రకటించి ఆక్రమణకు ఆమోదముద్ర వేశాడు. పొరుగు దేశాలు ఆ ఆక్రమణను న్యాయమైనదిగానే చూశాయి. పాలనా యంత్రాంగం చెక్కుచెదరకుండా నిలబడింది. ఇరాక్‌లో వీటిలో ఏ ఒక్కటీ లేదని ఆయన హెచ్చరించాడు.

ఆ హెచ్చరిక చెవికెక్కలేదు. బాగ్దాద్ పతనమయ్యాక 2003 మే 16న అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ తన మొదటి ఉత్తర్వు జారీ చేశాడు. సద్దాం బాత్ పార్టీలోని పై నాలుగు అంచెలవారిని ప్రభుత్వ కొలువుల నుంచి తొలగించారు. నాజీ పార్టీవారిని ఏరివేసిన జర్మనీ అనుభవమే దానికి నమూనా. వారం తర్వాత మే 23న రెండో ఉత్తర్వు ఇరాక్ సైన్యాన్ని రద్దు చేసింది. ఆయుధం పట్టడం నేర్చిన లక్షల మందికి జీతం, హోదా ఒక్కసారిగా పోయాయి. ఉపాధ్యాయ ఉద్యోగం కోసమో, పదోన్నతి కోసమో పార్టీలో చేరినవారికీ, హింసించిన అధికారులకూ మధ్య తేడా చెరిగిపోయింది.

ఆ వేసవిలో దాడులు పెరిగాక కూడా 1945 పోలికను వదల్లేదు. ఆగస్టు 25న శాన్ ఆంటోనియోలో మాజీ సైనికుల సభలో జాతీయ భద్రతా సలహాదారు కాండొలీసా రైస్, రక్షణ మంత్రి డోనల్డ్ రమ్స్‌ఫెల్డ్ ఇద్దరూ నాజీల వేర్‌వుల్ఫ్ దళాలను గుర్తు చేశారు. జర్మనీలో కూడా లొంగుబాటు తర్వాత ఇలాంటి దాడులు జరిగాయి, చివరికి అన్నీ చక్కబడ్డాయి అన్నది వారి భావం. వేర్‌వుల్ఫ్ దళాల పేరుమోసిన హత్య ఆహెన్ నగర మేయర్ ఫ్రాంజ్ ఒపెన్‌హోఫ్‌ది. అది 1945 మార్చిలో, జర్మనీ లొంగుబాటుకు ముందే జరిగింది. లొంగుబాటు తర్వాత అక్కడ ఇరాక్‌తో పోల్చదగ్గ తిరుగుబాటే లేదు.

1945 పోలిక చేసిన హాని ఇక్కడ స్పష్టం. అది ఉపన్యాసానికి పరిమితం కాలేదు, ఉత్తర్వుగా మారింది. ఖోంగ్ చెప్పిన ఆరు పనుల్లో చేయాల్సింది సూచించే పని అది చేసింది. ఆ సూచన ఇరాక్ సమాజాన్ని చూసి పుట్టలేదు.

4. ఒకే వారం, రెండు జ్ఞాపకాలు: 2004 ఏప్రిల్

2004 మార్చి 31న ఫలూజాలో నలుగురు అమెరికన్ ప్రైవేటు భద్రతా సిబ్బందిని చంపి, శవాలను యూఫ్రటీస్ వంతెనకు వేలాడదీశారు. ఏప్రిల్ 4న షియా యువ మతనాయకుడు ముక్తదా అల్ సద్ర్ అనుచరులు బాగ్దాద్‌లోనూ, నజఫ్ ప్రాంతంలోనూ ఆయుధాలెత్తారు. అదే సమయంలో అమెరికా మెరైన్లు సున్నీల పట్టణమైన ఫలూజాను ముట్టడించారు. షియాలు, సున్నీలు ఒకేసారి ఆక్రమణ సైన్యంతో తలపడ్డారు.

ఏప్రిల్ 5న వాషింగ్టన్‌లోని బ్రూకింగ్స్ సంస్థలో సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ ప్రసంగిస్తూ ఇరాక్‌ను అధ్యక్షుడు జార్జ్ బుష్ పాలిటి వియత్నాం అని అభివర్ణించాడు. ఆ మాట దేశమంతా మారుమోగింది. ఏప్రిల్ 13న విలేకరుల సమావేశంలో ఈ పోలిక గురించి అడిగితే, అది తప్పని, అలా పోల్చడం అమెరికా సైనికులకూ శత్రువుకూ చెడు సంకేతం ఇస్తుందని బుష్ జవాబిచ్చాడు. చర్చ ఎంత తొందరగా దారి తప్పిందో ఈ జవాబులో కనిపిస్తుంది. పోలిక నిజమా కాదా అన్నది వదిలేసి, పోల్చడం దేశభక్తా కాదా అన్నదాని మీదికి మాట మళ్లింది.

అదే రోజుల్లో బాగ్దాద్‌లో మరో సంవత్సరం పేరు వినిపించింది: 1920. ముట్టడిలో ఉన్న ఫలూజాకు సున్నీలు, షియాలు కలిసి ఆహారం, మందులు పట్టుకుని బయల్దేరారు. ఆసుపత్రుల కోసం రక్తదానం చేశారు. 1920ని అక్కడ ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. 2003లో ఏర్పడిన ఒక సాయుధ బృందం తన పేరునే 1920 విప్లవ దళాలు అని పెట్టుకుంది. సున్నీ పండితుల సంఘానికి నాయకుడైన హారిత్ అల్ దారి, 1920లో బ్రిటిష్ అధికారిని చంపించిన షేక్ దారి మనవడు. చనిపోయిన ఆ అధికారి కర్నల్ జెరార్డ్ లీచ్‌మన్. 1920 ఆగస్టు 12న ఆయన చనిపోయింది ఫలూజా దగ్గరే.

ఒకే ఘటనకు వాషింగ్టన్‌లో ఒక పాత యుద్ధం, బాగ్దాద్‌లో మరో పాత యుద్ధం గుర్తుకొచ్చాయి. ప్రపంచ పత్రికల్లో మొదటిది పతాక శీర్షిక అయింది.

5. ఏ వియత్నాం?

వియత్నాం పోలికను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. దానికి ఒక పరిధి ఉంది. ఆ పరిధిలో అది చాలా సరిగ్గా పనిచేసింది.

1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖలో అమెరికా నౌకల మీద రెండుసార్లు దాడి జరిగిందని చెప్పి జాన్సన్ ప్రభుత్వం కాంగ్రెస్ నుంచి తీర్మానం పొందింది. ప్రతినిధుల సభలో ఒక్క వ్యతిరేక ఓటు కూడా పడలేదు, సెనేట్‌లో రెండే పడ్డాయి. ఆగస్టు 4 నాటి రెండో దాడి అసలు జరగనే లేదని అమెరికా గూఢచర్య సంస్థ సొంత చరిత్రకారుడు రాసిన పత్రం 2005లో బయటపడింది. 2002 అక్టోబరులో సామూహిక విధ్వంసక ఆయుధాల పేరు చెప్పి బుష్ ప్రభుత్వం మరో తీర్మానం పొందింది. ఆ ఆయుధాలు దొరకలేదు. పౌరుల ముందు పెట్టిన కారణానికీ వాస్తవానికీ మధ్య అగాధం, గెలుస్తున్నామన్న ప్రకటనలకూ వస్తున్న శవపేటికలకూ మధ్య పొంతన లేకపోవడం, కాంగ్రెస్ తన బాధ్యత వదులుకోవడం లాంటి విషయాల్లో కెనడీ పోలిక అక్షరాలా నిజం. ఇవన్నీ అమెరికా ప్రజాస్వామ్యం గురించిన నిజాలు.

ఇరాక్‌లో ఏం జరుగుతోందో చెప్పాల్సి వచ్చేసరికి అదే పోలిక తడబడింది. స్థాయిలోనే పెద్ద తేడా ఉంది. వియత్నాంలో 1969 నాటికి 5,40,000కు పైగా అమెరికన్ సైనికులున్నారు. ఇరాక్‌లో 2007 చివర కూడా ఆ సంఖ్య 1,70,000 ప్రాంతంలోనే ఆగింది. వియత్నాంలో 58,000 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. ఇరాక్‌లో సుమారు 4,500 మంది. వియత్నాంకు నిర్బంధ సైనిక సేవ కింద యువకులను పంపారు. ఇరాక్ వెళ్లింది స్వచ్ఛందంగా చేరిన సైన్యం. అన్నిటికన్నా ముఖ్యమైన తేడాను సైనిక వ్యవహారాల విశ్లేషకుడు స్టీఫెన్ బిడిల్ 2006లో ఫారిన్ అఫైర్స్ పత్రికలో ఎత్తిచూపాడు. వియత్నాంలో జరిగింది దేశం మొత్తానికి ఎవరు ప్రతినిధులన్న భావజాల పోరాటం. ఇరాక్‌లో జరుగుతున్నది వర్గాల మధ్య ప్రాణభయంతో సాగే అంతర్యుద్ధం. మొదటి రకం యుద్ధంలో స్థానిక సైన్యాన్ని పెంచితే ఉపయోగం ఉండవచ్చు. రెండో రకంలో ఆ సైన్యం ఒక వర్గపు ఆయుధంగానే మిగతావారికి కనిపిస్తుంది.

ఈ వాదన గాలిలో చేసింది కాదు. నిక్సన్ దగ్గర రక్షణ మంత్రిగా, యుద్ధ బాధ్యతను దక్షిణ వియత్నాం సైన్యానికి అప్పగించే వియత్నమీకరణను నడిపిన మెల్విన్ లెయిర్డ్, 2005 చివర్లో అదే పత్రికలో రాస్తూ తన విధానం ఫలించిందని, కాంగ్రెస్ నిధులు ఆపడంతోనే సైగాన్ పడిపోయిందని, ఇరాక్‌లోనూ బాధ్యతను స్థానిక సైన్యానికి అప్పగిస్తూ పోవాలని సలహా ఇచ్చాడు. 2006 ఫిబ్రవరి 22న సమర్రాలో షియాల పవిత్ర అస్కరీ మందిరం పేల్చివేతకు గురైంది. ఆ తర్వాతి నెలల్లో బాగ్దాద్ వీధుల్లో వర్గాల పేరిట జరిగిన హత్యల్లో పోలీసు దుస్తుల్లో ఉన్నవారి పాత్ర బయటపడుతూ వచ్చింది. బిడిల్ భయపడిందే జరిగింది.

ఇక్కడే చర్చలోని రెండో లోపం బయటపడుతుంది. అందరూ వియత్నాం అన్నారు కానీ ఒకే వియత్నాం అనలేదు. కెనడీ చెప్పింది 1964-68 నాటి వియత్నాం: అబద్ధపు కారణంతో దిగి ఊబిలో కూరుకుపోవడం. లెయిర్డ్ చెప్పింది 1969-73 నాటి వియత్నాం. 2006 అక్టోబరులో 1968 నాటి వియత్నాం కమ్యూనిస్టుల టెట్ దాడితో పోలికను టీవీ ఇంటర్వ్యూలో బుష్ కొంతవరకు ఒప్పుకున్నాడు. 2007 ఆగస్టు 22న కాన్సస్ సిటీలో మాజీ సైనికుల సభలో ఆయనే వియత్నాంను ఎత్తుకున్నాడు. ప్రసంగం మొదట జపాన్, కొరియాల ప్రస్తావన వచ్చింది. ఆ తర్వాత 1975. అమెరికా వెళ్లిపోయినందువల్లే పడవల్లో పారిపోయిన శరణార్థులు, పునర్విద్యా శిబిరాలు, కంబోడియాలో సామూహిక హత్యలు వచ్చిపడ్డాయని, ఇరాక్ నుంచి వెళ్లిపోతే అదే జరుగుతుందని ఆయన వాదించాడు.

మూడేళ్ల ముందు తప్పని చెప్పిన పోలికనే ఆయన ఇప్పుడు తన వాదానికి ఆధారం చేసుకున్నాడు. విమర్శకులు యుద్ధంలోకి దిగిన తీరును చూపితే అధ్యక్షుడు బయటికి వచ్చిన తీరును చూపాడు. ఏ దశను ఎంచుకుంటే దానికి తగిన విధానం దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. చరిత్రకారులు వెంటనే కంబోడియా విషయాన్ని లేవనెత్తారు. ఖ్మేర్ రూజ్ బలపడింది అమెరికా బాంబు దాడులు, అంతర్యుద్ధం మధ్య. ఆ పాలనను 1979 జనవరిలో కూలదోసింది కమ్యూనిస్టు వియత్నాం సైన్యమే. హనోయి విదేశాంగ శాఖ కూడా మౌనంగా లేదు. తమది దేశ రక్షణ కోసం చేసిన న్యాయమైన యుద్ధమని గుర్తు చేసింది. రెండు పక్షాలూ ఏళ్ల తరబడి వియత్నాం పేరు తలిచాయి. వియత్నమీయులు దాన్ని ఎలా తలుచుకుంటారన్నది ఆ చర్చలోకి వచ్చిన సందర్భాలు మాత్రం ఇలా వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవే.

సైనిక రంగంలోనూ ఇదే ధోరణి. జనరల్ డేవిడ్ పెట్రేయస్ 1987లో ప్రిన్స్‌టన్‌కు సమర్పించిన పరిశోధన వియత్నాం పాఠాల మీదే. ఆయన పర్యవేక్షణలో 2006 డిసెంబరులో వచ్చిన తిరుగుబాటు నిరోధక కరదీపిక మలయాలో బ్రిటిష్, అల్జీరియాలో ఫ్రెంచి, వియత్నాంలో అమెరికన్ అనుభవాల మీద ఎంతో ఆధారపడింది. ఆ మూడూ బయటినుంచి వచ్చిన సైన్యాల అనుభవాలు. 2007లో హింస తగ్గడానికి అమెరికా బలగాల పెంపు ఒక కారణం. అంతకుముందే, 2006 సెప్టెంబరులో, అన్బార్ రాష్ట్రపు గిరిజన షేకులు అల్ ఖైదాకు ఎదురు తిరగాలని తీసుకున్న నిర్ణయం మరో ముఖ్య కారణం. ఆ నిర్ణయం వియత్నాం పాఠాల నుంచి రాలేదు.

6. 1920: వినపడని పోలిక

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం 1917 మార్చిలో బాగ్దాద్ చేరింది. విజేతలుగా కాదు, విమోచకులుగా వచ్చామని జనరల్ మాడ్ ప్రకటించాడు. మూడేళ్లు గడిచాయి. 1920 ఏప్రిల్‌లో శాన్ రెమో సమావేశం ఇరాక్‌ను బ్రిటన్ సంరక్షణలో పెట్టింది. స్వాతంత్ర్యం వస్తుందనుకున్నవారికి అది ద్రోహంగా కనిపించింది. ఆ ఏడాది రంజాన్ మాసంలో బాగ్దాద్ మసీదుల్లో సున్నీలు, షియాలు కలిసి సభలు జరిపారు. ప్రవక్త జన్మదిన గానాలూ, ఇమాం హుసేన్ సంతాప గీతాలూ ఒకే చోట వినిపించాయి. జూన్ 30న దక్షిణాన రుమైతాలో ఒక షేకును అరెస్టు చేయడంతో తిరుగుబాటు భగ్గుమంది. కర్బలాలో ఉన్న పెద్ద ముజ్తహిద్ (షియా మత న్యాయ పండితుడు) మీర్జా మహమ్మద్ తఖీ షీరాజీ తీర్పు దానికి మతపరమైన అండ ఇచ్చింది. యూఫ్రటీస్ మధ్య తీరమంతా బ్రిటిష్ అదుపు తప్పింది. అణచివేయడానికి నెలలు పట్టింది. విమానాల నుంచి బాంబులు వేశారు, గ్రామాలు తగలబెట్టారు. సుమారు 4 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. ఆ దెబ్బతో ప్రత్యక్ష పాలన సాధ్యం కాదని గ్రహించిన బ్రిటన్ 1921 మార్చిలో కైరో సమావేశం పెట్టి, ఆగస్టులో అరబ్ రాకుమారుడు ఫైసల్‌ను రాజుగా కూర్చోబెట్టింది.

2003కు ముందు ఈ చరిత్ర తెలిసినవారు లేకపోలేదు. చార్లెస్ ట్రిప్ ఇరాక్ చరిత్ర అప్పటికే అందుబాటులో ఉంది. బ్రిటిష్ పాలన ఇరాక్ రాజ్యాన్ని ఎలా మలిచి ఎలా విఫలమైందో చెప్పే టోబీ డాడ్జ్ గ్రంథం 2003లోనే వచ్చింది. విమోచకులమని వచ్చినవారు పాలకులుగా ఉండిపోతే ఏమవుతుంది, స్వాతంత్ర్యం ఎప్పుడన్న ప్రశ్నకు జవాబు దాటవేస్తే శత్రువులుగా ఉన్న వర్గాలు ఎలా కలుస్తాయి, మత కేంద్రాల మాటకు ఎంత బరువుంటుంది అన్న ప్రశ్నలను ఆ చరిత్ర నేరుగా లేవనెత్తుతుంది.

1920 పోలికకూ పరిమితులున్నాయి. సమర్రా తర్వాత ఇరాక్‌లో వర్గాలు ఏకం కాలేదు, పరస్పరం చంపుకున్నాయి. 2004 ఏప్రిల్‌ను బాగా వివరించిన పోలిక 2006ను వివరించలేదు. పైగా సరైన యుద్ధాన్ని ఎంచుకోవడం ఒక్కటే చాలదు. 2004 ఏప్రిల్ 18న బ్రిటిష్ చరిత్రకారుడు నియల్ ఫెర్గూసన్ న్యూయార్క్ టైమ్స్‌లో రాస్తూ ఇరాక్‌కు తగిన పోలిక వియత్నాం కాదు, 1920 అన్నాడు. అంతవరకు బాగుంది. ఆ తర్వాత ఆయన తీసిన పాఠం, బ్రిటన్ చూపినంత కాఠిన్యం అవసరమవుతుందని. 1920ని ఆయన కర్బలా నుంచి చదవలేదు, లండన్ నుంచి చదివాడు. ఒకే యుద్ధాన్ని అణచినవాడి వైపు నుంచి చూస్తే ఒక పాఠం, అణగదొక్కబడినవాడి వైపు నుంచి చూస్తే మరో పాఠం వస్తుంది.

7. భారత్‌లో అదే ప్రశ్న

ఈ చర్చ మన దేశానికి దూరమైనది కాదు. 2003 వేసవిలో ఒక డివిజన్ సైన్యాన్ని ఇరాక్ పంపమని అమెరికా భారత్‌ను కోరింది. ఐక్యరాజ్య సమితి స్పష్టమైన ఆదేశం లేనిదే పంపలేమని వాజపేయి ప్రభుత్వం జూలై 14న నిర్ణయించింది. ఆ నిర్ణయానికి ముందు దేశంలో నడిచిన వాదోపవాదాల్లో శ్రీలంక అనుభవం తరచు ప్రస్తావనకు వచ్చింది. 1987 జూలై ఒప్పందం తర్వాత సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్‌తో మొదలైన శాంతి పరిరక్షణ దళం, మూడు నెలల్లో ఎల్‌టీటీఈతో యుద్ధంలో చిక్కుకుంది. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ అనుభవానికి కూడా మన పత్రికలు భారత్ వియత్నాం అని పేరు పెట్టాయి. మన నేలకు ఆనుకుని జరిగిన యుద్ధాన్ని సైతం అమెరికా జ్ఞాపకంతోనే కొలిచామంటే ఆ జ్ఞాపకం ఎంత దూరం పాకిందో అర్థమవుతుంది.

ఇరాక్ విషయంలో భారతీయులకు సొంత జ్ఞాపకం ఉండాల్సింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాకు వెళ్లిన భారత సైనికులు, సహాయక సిబ్బంది సుమారు ఆరు లక్షలు. 1916 ఏప్రిల్ 29న కూత్ అల్ అమారాలో 147 రోజుల ముట్టడి తర్వాత లొంగిపోయిన సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన మద్రాసు సాపర్స్ దళాలు కూడా ఆ నేల మీద పనిచేశాయి. 1920 తిరుగుబాటును అణచడానికి బ్రిటన్ దించిన సైన్యంలోనూ అధిక భాగం భారతీయులే. అంటే ఆ చరిత్రలో మనవాళ్లు మరొకరి కోసం తుపాకి పట్టారు. సైన్యం పంపాలా వద్దా అని తేల్చుకోవడానికి 1987తోపాటు 1920 కూడా మన ముందు ఉండాల్సిన ఏడాది. మన పాఠ్యపుస్తకాల్లో దానికి చోటు దొరకలేదు.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలేది మూడు ప్రశ్నల పరీక్ష. ఎవరైనా ఒక యుద్ధాన్ని పాత యుద్ధంతో పోలిస్తే, మొదట ఆ పాత యుద్ధంలో ఏ దశను చూపుతున్నారో అడగాలి. కెనడీ వియత్నాం వేరు, 2007 నాటి బుష్ వియత్నాం వేరు. రెండోది, ఆ పోలిక ఏ విషయానికి వర్తిస్తుందో అడగాలి. వియత్నాం పోలిక అమెరికా ప్రభుత్వం తన ప్రజలతో వ్యవహరించిన తీరు గురించి నిజం చెప్పింది. ఇరాక్ సమాజం గురించి చెప్పలేకపోయింది. మూడోది, అది ఎవరి జ్ఞాపకమో, ఎవరి వైపు నుంచి చదివిందో అడగాలి. న్యూస్టాట్, మే సూచించిన రెండు వరసల పట్టిక ఈ మూడో ప్రశ్నను అడగదు. అందుకే ఆ పట్టిక ఎంత జాగ్రత్తగా నింపినా చాలదు.

అఫ్గానిస్తాన్ విషయంలోనూ ఇదే జరిగింది. 2009 డిసెంబరు 1న వెస్ట్ పాయింట్‌లో ఒబామా వియత్నాం పోలికను పేరుపెట్టి తిరస్కరించాడు. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల వశమయ్యాక, ఇది సైగాన్ అవునా కాదా అని మళ్లీ వాదించుకున్నారు. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సైన్యం వెళ్లిపోయాక నజీబుల్లా ప్రభుత్వం మూడేళ్లు నిలబడిందని, 1991 చివర్లో సోవియట్ సాయం ఆగిన కొద్ది నెలలకే కూలిందని అఫ్గాన్లకు తెలుసు. విదేశీ సాయం మీద నిలబడిన కాబూల్ ప్రభుత్వం గురించి ఏదైనా నేర్చుకోవాలంటే సైగాన్ వరకు వెళ్లనక్కర్లేదు.

తెలుగు పత్రికలకూ, విశ్వవిద్యాలయాల చరిత్ర, రాజనీతి శాఖలకూ ఇక్కడ ఒక విజ్ఞప్తి. విదేశీ యుద్ధాల గురించి మనం రాసేది చాలావరకు విదేశీ వార్తా సంస్థల ద్వారా వస్తుంది. వాటితోపాటు వాటి పోలికలూ వస్తాయి. ఇకముందు ఏ యుద్ధం వచ్చినా, అది దేనిలాంటిదని రాసే ముందు, ఆ నేల మీద అంతకుముందు ఏ యుద్ధం జరిగిందో, అక్కడివారు దాన్ని ఏ పేరుతో తలుచుకుంటారో పాఠకుడికి చెప్పండి. పరిశోధక విద్యార్థులు మెసొపొటేమియాలో పనిచేసిన దక్షిణ భారత సైనికుల చరిత్రను చేపట్టాలి. యుద్ధం జరుగుతున్న నేల చరిత్ర తెలుసుకోకుండా చేసే పోలికను ఏ ప్రభుత్వ నిర్ణయానికీ ఆధారంగా అంగీకరించకూడదు.